చిట్టాయు ఆవర్జాయు: ఇంటి వీడియోల పట్టికను గూర్చి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. నేను పండితుడను కాను. ఏ కళాశాల గడపయు త్రొక్కినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ ఈ గ్రంథాలయపు బీరువాలోని భారత భాగవతములను నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువుకొన్నవాడను. నాకు తెలిసిన విద్యలు రెండే. ఒకటి లెక్క వ్రాయుట. రెండవది వ్రాసినదానిని అడిగినప్పుడు తీసి చూపుట.

ఈ రెండు విద్యలతో ముడిపడిన ప్రశ్నయే ఇటీవల మీలో పలువురు నన్ను అడుగుచున్నారు. "ఇంట వీడియోలు గుట్టలుగా పడియున్నవి. వానిని సర్దుకొనుటకు ఏ సాఫ్టువేరు పెట్టుకొనవలెను?" అని. గ్రంథాలయ సభలో ఇది చెప్పదగిన మాటయేనా అని కొందరికి నవ్వు రావచ్చును. కాని పుస్తకములకు పట్టిక వ్రాయుట గ్రంథాలయపు మొదటి పని. వీడియోలకు పట్టిక వ్రాయుట దానికి తోబుట్టువు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన పెద్దలు పుస్తకములను పోగుచేసి ఊరకుండలేదు. వచ్చినవారికి వలసినది తీసి యిచ్చు ఏర్పాటు చేసినారు. పోగు వేరు, భాండారము వేరు. మన ఇండ్లలో ఇప్పుడున్నవి పోగులు మాత్రమే.

ఆ పోగులో ఏమున్నదో ముందు చూతము. పెండ్లికి వీడియో తీయించుట మన పల్లెలలో ఆచారమై ముప్పదియేండ్లు దాటినది. మొదట నల్లని వీహెచ్ఎస్ క్యాసెట్టు వచ్చినది. పిదప సీడీ, డీవీడీ వచ్చినవి. ఇప్పుడు ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉన్నది. వానిలో పెండ్లిండ్లు మాత్రమే లేవు. బతుకమ్మ ఆడిన వాకిండ్లున్నవి. మేడారము జాతరలో బంగారమని పిలుచుకొను బెల్లమును నిలువెత్తు తూచి మ్రొక్కు చెల్లించిన దృశ్యములున్నవి. బోరు వేసిననాడు నీరు ఎగసినప్పటి కేకలున్నవి. అన్నిటికంటె ముఖ్యముగా, ఇప్పుడు మన నడుమ లేనివారి నడకలును గొంతులును ఉన్నవి.

వీహెచ్ఎస్ పద్ధతి 1976లో జపానులో వెలువడినది. ఆ క్యాసెట్లను ఆడించు యంత్రములను చివరివరకు తయారుచేసిన జపాను సంస్థ 2016 జులైలో ఆ పని మానుకొన్నది. అనగా క్యాసెట్టు మన పెట్టెలో నున్నను, దానిని చూపు యంత్రము క్రొత్తగా పుట్టుట లేదు. టేపునకు తేమ తగిలిన బూజు పట్టును. కావున క్యాసెట్లు కలవారు సాఫ్టువేరు మాట తలపెట్టకముందే వానిని కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెను. తక్కిన పనులకు వాయిదా కలదు, దీనికి లేదు.

ఇక నా స్వానుభవము చెప్పెదను. ఇది చెప్పుకొనుటకు నాకు సంతోషము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింటి క్యాసెట్లను, డిస్కులను కంప్యూటరులోనికి ఎక్కించి, వానిని సర్దుటకై ఒక సాఫ్టువేరును తెచ్చుకొంటిని. చూచుటకు ముచ్చటగా నుండెను. మా తల్లిగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని రెండు వేసవులపాటు ఒక్కొక్క పెండ్లి చూచుచు, ఆమె చెప్పిన పేరెల్ల అందులో వ్రాసితిని. ఎవరు ఎవరి కోడలు, ఎవరు ఏ ఊరివారు, పందిట పాట యెత్తుకొన్నది ఎవరు అని ఆమె నోటివెంట వచ్చినది వచ్చినట్లు ఎక్కించితిని. తరువాత ఆ యంత్రము చెడినది. వీడియోలకు వేరొక డిస్కులో ప్రతి యుండెను గాన అవి దక్కినవి. కాని పేర్లన్నియు ఆ సాఫ్టువేరు తన గర్భములో దాచుకొన్న ఒక్క ఫైలులో నుండెను. దానికి నేను ప్రతి తీయలేదు. అట్టి ఫైలొకటి కలదని కూడ నాకు తెలియదు. అప్పటికి మా తల్లిగారు గతించి ఎనిమిది మాసములైనది. బొమ్మలు మిగిలినవి, పేర్లు పోయినవి. ముప్పదియేండ్లు ఇతరుల లెక్కలకు నకళ్లు తీసినవాడను, నా యింటి లెక్కకు నకలు తీయనైతిని. తప్పు నాదే.

మన సాహిత్యమును తిరిగి చూచినపుడు ఇది క్రొత్త కష్టము కాదని తెలిసినది. బమ్మెర మనకు దూరము కాదు, నేటి జనగామ జిల్లాలోనిదే. ఆ ఊరి పేరు ఇంటిపేరుగా గల పోతన రచించిన భాగవతములో కొంత భాగము శిథిలమైపోయినదని ప్రతీతి. నేడు మనము చదువు గ్రంథములో పంచమ స్కంధము బొప్పరాజు గంగనది, షష్ఠము ఏర్చూరి సింగనది, ఏకాదశ ద్వాదశములు వెలిగందల నారయవి. వారు పూరించిరి గనుక కథ దక్కినది. కాని పోయిన పద్యములను పోతనవలె చెప్పగలవారు మరల రాలేదు. ఒకే ప్రతి గల వస్తువు సగము పోయినట్లే యని దీనినుండి నేను గ్రహించితిని.

రెండవ నిదర్శనము తిరుమలలోనిది. తాళ్లపాకవారి సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి ఆలయములో ఒక అరలో భద్రపరచిరి. రాగి చెడలేదు, అక్షరము చెరగలేదు. అయినను ఇరువదవ శతాబ్దమున పండితులు వానిని వెలికితీసి, చదివి, అచ్చువేయించువరకు లోకమునకు ఆ నిధి యున్నట్లే తెలియదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు ఆ పనికై శ్రమించినారు. భద్రపరచుట వేరు, ఎరుకపరచుట వేరు. పోతన గ్రంథమునకు రెండవ ప్రతి కొఱవడినది, అన్నమయ్య రేకులకు పట్టిక కొఱవడినది. మన వీడియోలకు ఈ రెండును కావలెను.

పట్టిక ఎట్లుండవలెనో నా వృత్తి భాషలో చెప్పెదను. లెక్క వ్రాయువానికి పుస్తకములు రెండు. మొదటిది చిట్టా. ఏ దినమున ఏమి జరిగినదో ఆ దినము క్రింద వరుసగా వ్రాయునది. రెండవది ఆవర్జా. అదే జమాఖర్చును మనిషి మనిషికి ఖాతా తీసి వ్రాయునది. చిట్టాలో ఒక పద్దు ఒక్కచోటనే ఉండును. ఆవర్జాలో ఆ పద్దు ఎందరికి సంబంధించునో అన్ని ఖాతాలలో కనబడును. వీడియోలకును ఇంతే. కంప్యూటరులోని ఫోల్డరు చిట్టా వంటిది. ఒక వీడియో ఒక ఫోల్డరులోనే ఉండవలెను, అది తేదీ ప్రకారము ఉండవలెను. పెండ్లికూతురి పేర ఒక ఫోల్డరు, మేనమామ పేర ఒక ఫోల్డరు పెట్టి ఒకే వీడియోను రెండుచోట్ల వేసిన లెక్క చెడును. మనుష్యుల పేర్లు, ఊర్లు, పండుగలు ఇవన్నియు ఆవర్జాకు చెందినవి. వానిని పట్టికలో వ్రాయవలెను. సాఫ్టువేరులలో ట్యాగులనుచుండునవి ఈ ఖాతాలే. ఈ భేదము తెలిసినవానికి ఏ సాఫ్టువేరు చూచినను భయముండదు.

తేదీ వ్రాయుటలో ఒక కిటుకు కలదు. మొదట సంవత్సరము, పిదప నెల, పిదప దినము వ్రాయవలెను. 1993-05-23 అని ఫైలు పేరు మొదలిడిన, వేయి ఫైలులైనను కాలక్రమమున వాటంతట అవియే నిలుచును. దినము ముందు వ్రాసిన 1993 నాటి పెండ్లియు 2014 నాటి పుట్టువెండ్రుకలును ఒకదాని ప్రక్క ఒకటి వచ్చి కూర్చుండును. దినము తెలియనిచో సంవత్సరము మాత్రమే వ్రాయుడు. తెలియనిదానిని ఊహించి వ్రాయుట తప్పుడు లెక్క.

యంత్రము చెప్పు తేదీని నమ్మవలదు. క్యాసెట్టునుండి ఎక్కించిన ఫైలునకు ఎక్కించిన దినమే తేదీగా పడును, పెండ్లి దినము పడదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో పేరులో కనబడు తేదీ అది మీ ఫోనునకు వచ్చిన దినము కావచ్చును, తీసిన దినము కాకపోవచ్చును. అదియుగాక అట్లు వచ్చిన ప్రతి కుదింపబడి నాణ్యము తగ్గియుండును. దాచుకొనదలచినవారు తీసినవారి ఫోనునుండి అసలు ప్రతిని తెచ్చుకొనవలెను. డీవీడీల సంగతి మరియు విచిత్రము. ఏ డిస్కు తెరచినను లోపల వీటీఎస్_01_1 అను పేరే కనబడును. పది పెండ్లిండ్ల డిస్కులు పేరు మార్చక ఒకేచోట పోసినచో ఒకదానిపై ఒకటి పడి తొమ్మిది పెండ్లిండ్లు మాయము కాగలవు.

పేర్లు వ్రాయుటలో మనవారు చేయు పొరపాటు ఇంకొకటి కలదు. "పెద్దమ్మ", "చిన్నబాపు", "మామ" అని వరుసలు వ్రాయుదురు. వ్రాసినవానికి అది చక్కగా తెలియును. కాని నాకు మేనత్తయైన ఆమె నా కుమారునికి మేనత్త కాదు, నా మనుమనికి అసలే కాదు. తరము మారగానే వరుస మారును, పేరు మారదు. ఆవర్జాలో ఖాతాదారుని పేరు "మామ" అని వ్రాసిన ఆడిటరు ఊరకుండునా? కావున ఇంటిపేరు, పేరు, ఊరు ఈ మూడును వ్రాయుడు. ఆడువారి విషయమున పుట్టినింటి పేరును, మెట్టినింటి పేరును రెండును వ్రాయుడు. లేనిచో పుట్టినింటివారు వెదకినపుడు ఆమె దొరకదు. ఒకే మనిషిని ఒకచోట సత్తెమ్మ అనియు, వేరొకచోట సత్యమ్మ అనియు వ్రాయవలదు. ఒక రూపమును నిశ్చయించుకొని అదియే వ్రాయుడు. వాడుక పేరును ప్రక్క గడిలో వ్రాసికొనవచ్చును.

ఇక సాఫ్టువేరు ఎంపిక. దానిని ఇంటికి తెచ్చుకొనకముందు నాలుగు ప్రశ్నలు అడుగుడు.

మొదటి ప్రశ్న: నేను వ్రాసిన పేర్లను నీవు మరల వెలుపలికి ఇత్తువా? అన్నిటికంటె పెద్ద ప్రశ్న ఇదియే. వ్రాసినదంతయు ఏ యంత్రములోనైన తెరచుకొను సాదా పట్టికగా వెలుపలికి రావలెను. లేదా ప్రతి వీడియో ప్రక్కన చిన్న వ్రాతఫైలుగా నిలువవలెను. దానిని నేను ప్రక్కచీటీ అందును. లోనికి తీసికొని వెలుపలికి ఇయ్యనిది ఎంత అందమైనదైనను వలదు.

రెండవ ప్రశ్న: నా వీడియోలను నా ఫోల్డరులలోనే ఉండనిత్తువా? కొన్ని సాఫ్టువేరులు ఫైలులను తమ స్వంత గోదాములోనికి లాగుకొని పేర్లు మార్చివేయును. అట్టిది పనికిరాదు.

మూడవ ప్రశ్న: తెలుగులో వ్రాసి తెలుగులో వెదకగలనా? పూర్వము అచ్చుకూటములలో వాడిన కొన్ని తెలుగు అక్షరరూపములు ఆ యంత్రములోనే తెలుగుగా కనబడి, వేరొకచోట పిచ్చిగీతలగును. ప్రపంచములోని లిపులన్నిటికి ఉమ్మడి సంఖ్యలు నిర్ణయించిన యూనికోడు 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగు లిపికి చోటు దొరకినది. పేర్లు యూనికోడులోనే వ్రాయుడు. పది పేర్లు వ్రాసి వెదకి చూచిన పిదపనే తక్కినవి వ్రాయుడు.

నాలుగవ ప్రశ్న: నీ యజమాని రేపు దుకాణము కట్టివేసిన నా గతి యేమి? గూగుల్ సంస్థ 2004లో కొని ఉచితముగా పంచిన పికాసా అను చిత్రముల సాఫ్టువేరును లోకములో ఎందరో వాడినారు. 2016లో దానిని నిలిపివేసినారు. అదే సంస్థ 2015లో అపరిమితముగా ఉచితమని తెరచిన గూగుల్ ఫొటోస్ నిలువలో ఆ యపరిమితపు వరము 2021 జూన్ 1 నాటికి ముగిసినది. ఇది నింద కాదు, వర్తకధర్మము. ఉచితముగా ఇచ్చినవాడు మానుకొనుటకును స్వతంత్రుడే. మనము మాత్రము సిద్ధముగా ఉండవలెను.

ఈ ప్రశ్నలకు నిలిచినవానిని కొన్నింటిని చెప్పెదను. మూడును ఉచితములే, వాని మూలలిపి అందరికి తెరచియున్నదే. డిజికామ్ అనునది ముఖ్యముగా ఛాయాచిత్రములకు పుట్టినది, వీడియోలను గూడ చూపును. పేర్ల ఖాతాలు తీయుటకు అది మంచిది. ప్రక్కచీటీలు వ్రాయుమని దాని అమరికలలో మనమే ఆజ్ఞ ఇయ్యవలెను, మరువరాదు. 2014 నుండి కోడి అను పేర పిలువబడుచున్నది టీవీలో చూచుకొనుటకు అనుకూలము. 2018లో బయలుదేరిన జెల్లీఫిన్ ఇంటిలోని ఒక యంత్రమునుండి తక్కిన ఫోనులకు, టీవీలకు వీడియోలను అందించును. దానిలో ఇంటి వీడియోలకని ప్రత్యేకమైన విభాగము కలదు, దానినే ఎంచుకొనుడు. సినిమాల విభాగములో వేసితిరా, అది "పెళ్ళి" అను పేరు చూచి ఏదో చలనచిత్రపు గోడపత్రికను తెచ్చి మీ కుమార్తె వివాహమునకు తగిలించినను తగిలించును. ఇవి ముఖ్యముగా చూపునవి. వ్రాయుటకు నేను నమ్మినది వేరు.

నేను నమ్మినది సాదా గడుల పట్టిక. లిబ్రాఫీసులో గాని, ఎక్సెల్‌లో గాని తొమ్మిది గడులు గీయుడు: వరుస సంఖ్య, తేదీ, ఫైలు పేరు, సందర్భము, ఊరు, కనబడు మనుష్యులు, నిమిషము, చెప్పినవారి పేరు, వ్యాఖ్య. దానిని సీఎస్‌వీ అను సాదా రూపములో గూడ దాచుడు. నిమిషపు గడి యెందుకనగా, మూడు గంటల పెండ్లిలో మీ నాయనమ్మ మాటలాడినది గంట పండ్రెండు నిమిషముల తరువాత కావచ్చును. ఆ సంఖ్య లేనిచో మీ మనుమడు మూడు గంటలు కూర్చుండడు, నాయనమ్మ దొరకదు. గణితోపాధ్యాయుడుగా ఉండి గ్రంథాలయ శాస్త్రమునకు తండ్రియైన రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును మిగుల్చుటను గూర్చినదే. చెప్పినవారి పేరు వ్రాయుట మా పట్టికకు సాక్షి సంతకము వంటిది. రేపు సందేహము వచ్చిన ఎవరి మాటయో తెలియవలెను.

ప్రతులు మూడుండవలెను. రెండు వేర్వేరు సాధనములపై నుండవలెను. ఒకటి వేరొక ఇంట నుండవలెను. ఒక పొరకు 4.7 జీబీ పట్టు డీవీడీలు సుమారు 200 ఒక టీబీ హార్డు డిస్కులో ఇముడును. మన వీధిలో ఏ యింటికైనను అది చాలును. పట్టికను మాత్రము సంవత్సరమున కొకసారి కాగితముపై అచ్చు తీసి దాచుడు. కాగితమునకు విద్యుత్తు అక్కరలేదు.

"ఇప్పుడు యంత్రములే ముఖములు గుర్తుపట్టుచున్నవి గదా, ఈ వ్రాత యెందుకు?" అని యువకులు అడుగుచున్నారు. నిజమే. ఈ ముఖమును ఆ ముఖమును ఒకరివేయని అవి జతపరచగలవు. కాని ఆమె పేరు మనము చెప్పనిదే వానికెట్లు తెలియును? ఈ మాటకు సాక్ష్యముగా మన గ్రంథాలయములోనే జరిగిన ఒక సంగతి చెప్పి ముగింతును.

గడచిన చలికాలములో ఒకనాటి సాయంకాలము ఇదే గదిలో గోడపై తెల్లగుడ్డ కట్టి మా యింటి 1993 నాటి పెండ్లి వీడియోను చూపితిమి. పోయిన పేర్లలో కొన్నియైన తిరిగి దొరకునేమో యని నా ఆశ. నలుగు పెట్టు సమయమున ఒకామె స్తంభమునకు ఆనుకొని పాట పాడుచున్నది. ఆమె యెవరో మా యింట ఎవరికిని తెలియదు. మా తల్లిగారు చెప్పియే యుండిరి, అది ఆ పోయిన ఫైలుతో పోయినది. మూడవ వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ, చూపు ఆననిది, పాట వినగానే "ఈ గొంతు నాకెరుకే" అన్నది. ఇంటిపేరు చెప్పినది, ఊరు చెప్పినది, ఆమె కుమార్తె మన ఊరి కోడలేయని చెప్పినది. మనిషిని పంపితిమి. ఆ కుమార్తె పొలమునుండి వచ్చిన కాళ్లతోనే వచ్చినది. తల్లి పోవునాటికి ఆమె పసిపిల్ల. ఓటరు కార్డుపైని చిన్న బొమ్మ తప్ప ఆమెయొద్ద తల్లి గుర్తు వేరేమియు లేదు. పాటను నాలుగుసార్లు వేయించుకొని విన్నది. ఏమియు అనలేదు. పోవునపుడు, "మా అమ్మ పేరు అండ్ల రాసిండ్రా?" అని అడిగినది. ఆమె ఎదుటనే వ్రాసితిని. వరుస, పేరు, పుట్టినిల్లు, మెట్టినిల్లు, నిమిషము, చెప్పిన ముసలమ్మ పేరు.

ఆ ముసలమ్మ ఈ ఉగాదికి ముందు కాలము చేసినది. చలికాలములో ఆ సాయంకాలము మేము తెల్లగుడ్డ కట్టియుండనిచో ఆ గడి ఎప్పటికిని ఖాళీగనే యుండును.

కావున నా మనవి యిది. మంచి సాఫ్టువేరు నేడు కాకున్న రేపు దొరకును. ఇప్పుడున్నది పోయినను ఇంకొకటి వచ్చును. పేరు చెప్పగల పెద్దలు రేపు దొరకరు. ముందు వారియొద్ద కూర్చుండి వ్రాసికొనుడు. నోటుపుస్తకములోనైనను సరే, తరువాత ఎక్కించుకొనవచ్చును. ఈ రజతోత్సవపు గుర్తుగా మన గ్రంథాలయములో ఒక దృశ్య పట్టికను తెరువవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. నెలకొక ఆదివారము సాయంకాలము పెద్దలను పిలిచి, ఇచ్చవచ్చినవారి వీడియోలను చూపి, పేర్లు వ్రాసికొందము. ఒక నియమము మాత్రము తప్పరాదు. ఇంటి వీడియో ఊరి సొత్తు కాదు. ఇంటివారి అనుమతి లేనిదే, ముఖ్యముగా ఆడువారి అనుమతి లేనిదే, ఏదియు చూపరాదు, ఎవరికిని ప్రతి ఇయ్యరాదు. పట్టిక వ్రాసి, ఆ ప్రతిని ఇంటివారి చేతికే ఇత్తము.

ఆ పుస్తకమునకు గీతలు గీయు పని నేను తీసికొందును. అంకణములు వంకర లేకుండ గీయుట నాకు చేతనగును. పేర్లు మీరు చెప్పవలెను.